కార్డులు ఆపే పని

మార్చి 3, సోమవారం

ఎవరికీ చెప్పకూడదన్నారు. రాసుకోకూడదని మాత్రం అనలేదు.

పొద్దున హెచ్ఆర్ మేడమ్ పైకి రమ్మంది. ఆవిడ పిలిచిందంటే ఎవరిదో తలుపులు తెరిచే కార్డు పోయి ఉంటుంది, లేదా సిగరెట్ తాగేవాళ్లెవరో మెట్ల తలుపుకి నీళ్ల క్యాన్ అడ్డం పెట్టి ఉంటారు. ఇవాళ రెండూ కాదు. తలుపు వెయ్యమంది. వేశాను. కూర్చోమంది. ఇన్నేళ్లలో నన్ను కూర్చోమనడం ఇదే మొదలు.

శుక్రవారం కంప్లయింట్ల సెక్షన్ ఎత్తేస్తున్నారట. ఫోనెత్తి కస్టమర్ల తిట్లు తినే పని ఇకమీదట బయటి కంపెనీ ఏదో చూసుకుంటుందట. సెక్షన్ మొత్తాన్నీ పై అంతస్తు హాల్లో కూర్చోబెట్టి ఆ సంగతి చెప్తారు. వాళ్లు లోపలికి వెళ్లగానే నేను కింద నుంచి వాళ్ల కార్డులన్నీ ఆపెయ్యాలి. బయటికి వచ్చేసరికి ఏ తలుపూ వాళ్లకి తెరుచుకోకూడదు.

"ముందే తెలిస్తే ఫైళ్లు పట్టుకుపోతారు, గొడవ చేస్తారు," అంది. "మీ బంధువు ఒకాయన ఆ సెక్షన్‌లో ఉన్నాడు కదా?"

"మా ఆవిడ తమ్ముడు మేడమ్."

"మీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది మేడమ్. మిషన్‌కి అందరి కార్డూ ఒకటే."

ఆ మాట నేనే అన్నాను. లిఫ్టులో కిందికి వస్తుంటే ఇంకేదైనా అని ఉండాల్సింది అనిపించింది. ఏమనాలో ఇప్పటికీ తట్టలేదు.

మా ఆవిడ తమ్ముణ్ణి ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ రేడియో అంటారు. వాడికీ ఆ పేరంటే ఇష్టమే. ఉద్యోగం నేనే ఇప్పించాను. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంటానన్నాడు. ఇల్లు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. వాడి గొంతు వినకుండా నేను మొహం కడుక్కున్న రోజు లేదు. ఆఫీసులో అయితే వాడు నా ప్రాణానికి వేరేగా తగులుకున్నాడు. వెనకాల ఎవరు వస్తున్నా తలుపు పట్టుకుని నిలబడతాడు. "ఒక కార్డుకి ఒక మనిషే రా," అని ఎన్నిసార్లు చెప్పినా, "పాపం చేతి నిండా సామాను ఉంది బావా," అంటాడు. ఓసారి వాడు అలా మర్యాదగా లోపలికి పంపినాయన మా కంపెనీ మీద కేసు వెయ్యడానికి వచ్చిన లాయరు.

వాడు ఇంట్లోంచి కదిలితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్న మాట నిజం. ఇలా అనుకోలేదు.

మార్చి 4, మంగళవారం

నెలకోసారి చేసే ఫైర్ అలారం పరీక్ష. గంట మోగగానే మాగ్నెట్ లాకులన్నీ వదిలెయ్యాలి, మనుషులు తోసుకుని బయటపడాలి. లాకు పనల్లా మూసి పట్టుకోవడమే అనుకుంటారు జనం. ఎప్పుడు వదలాలో తెలియడం అందులో సగం. రెండో అంతస్తులో ఒక తలుపు వదల్లేదు. వైరు మార్చాను. చేతిలో పని ఉంటే బుర్ర కాస్త ఊరుకుంటుంది.

సాయంత్రం రేడియో బూట్లు కొనుక్కోవడానికి నన్ను తోడు లాక్కెళ్లాడు. తన పెళ్లికి. గోధుమరంగువి వేసుకుని షాపులో అటూ ఇటూ నడిచి, "ఎలా ఉన్నాయి బావా?" అన్నాడు.

"రంగు బాగుంది," అన్నాను.

మార్చి 5, బుధవారం

రేడియో చేసుకోబోయే అమ్మాయి భోజనానికి వచ్చింది. ఆఫీసు ఎదురుగా ఉన్న బ్యాంకులో పని చేస్తుంది. వీడు ఏదో డిపాజిట్ గురించి అడగడానికి వెళ్లి, లైను మొత్తాన్నీ నవ్వించి, రోజూ ఏదో ఒకటి అడగడానికి వెళ్లడం మొదలుపెట్టాడు. అలా కుదిరింది. తక్కువ మాట్లాడే పిల్ల. ఇద్దరివీ కలిపి చూస్తే మాటలు సరిపోతాయి.

భోజనాలయ్యాక రేడియో హాల్లో వాళ్లక్కకి ఒక కస్టమర్ కథ చెప్తున్నాడు. గొంతు మార్చి, చేతులు ఊపి. మా ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆ అమ్మాయి వచ్చి పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి."

"అడుగమ్మా."

"నాకు వేరే ఊళ్లో కొత్త బ్రాంచికి మేనేజరుగా వెళ్లమని ఆఫర్ వచ్చింది. రేపటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఆయన ఉద్యోగం ఇక్కడ ఉంది కదా, ఇద్దరం రెండు ఊళ్లలో ఉండి ఏం చేస్తామని వద్దనేద్దామనుకుంటున్నాను."

గిన్నెకి అంటిందేదో వదలడం లేదన్నట్టు గట్టిగా రుద్దాను.

"ఆయన్ని అడిగితే, తను లేకపోతే కంపెనీ తెల్లారేసరికి మూతపడుతుందంటాడు. మీరైతే ఉన్నది ఉన్నట్టు చెప్తారు. ఆ ఉద్యోగం గట్టిదేనా అన్నయ్యగారూ?"

"గట్టిదే," అన్నాను.

నేను అన్నదాంట్లో అబద్ధం లేదు. బుధవారం సాయంత్రానికి ఆ ఉద్యోగం గట్టిదే.

అమ్మాయి తల ఊపింది. గిన్నె తుడిచి బోర్లించింది. అది నేను ఇంకా కడగని గిన్నె. ఇద్దరం చూసుకున్నాం, అలాగే వదిలేశాం.

నా పని తలుపులు. ఎవరు ఏ ఊళ్లో ఉండాలో చూడటం నా పని కాదు. తలుపుల పనిలో ఉన్నవాడు నోరు తెరిస్తే రేపు వాణ్ణి ఎవరు నమ్ముతారు? పైన సర్వర్ గది, కింద క్యాష్ గది, అన్నీ నా చేతిలో పెట్టింది నోరు మూసుకుంటాననే కదా. ఇది సబబైన మాటే. ఇంకోసారి చదువుకున్నాను. సబబుగానే ఉంది.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్లాను. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. నా నంబరు వచ్చాక కౌంటర్ దగ్గరికి వెళితే అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"ఏం కావాలి అన్నయ్యగారూ?"

"ఆ ఊరి సంగతి ఏం చేశావమ్మా?"

"పొద్దున్నే వద్దని చెప్పేశాను."

"వెనక్కి తీసుకో."

"ఎందుకు?"

"నేను తలుపుల సంగతి తప్ప ఇంకేం మాట్లాడకూడదమ్మా."

నా వంక కాసేపు చూసింది. కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్లకి మనుషుల మొహాలు చదవడం వచ్చేస్తుందనుకుంటా.

"నిన్న మీరు గట్టిదే అన్నారు."

"నిన్న అన్నాను."

"ఎప్పుడు? రేపా?"

"నేనేం అనలేదు."

"సరే, మీరేం అనలేదు." పెన్ను కింద పెట్టింది. "ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"మీరే చెప్పండి. నా నోట వింటే, మీ ఇంట్లోనే ఉంటున్నా మీరు చెప్పలేదని బాధపడతాడు. ఇవాళే చెప్పండి. చెప్తారా?"

"చెప్తాను."

నా వెనకాల టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లని అలాగే వదిలేసి, లేచి మేనేజరు గదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం

చెప్పలేదు.

చెప్దామనే హాల్లోకి వెళ్లాను. కొత్త బూట్లు అలవాటు కావాలని వేసుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. "ఒరేయ్," అన్నాను. "ఏంటి బావా," అన్నాడు. "చప్పుడు చెయ్యకు, కింద ఇంటివాళ్లు గొడవ చేస్తారు," అన్నాను.

చెప్తే ఏం చేస్తాడు? సెక్షన్‌లో అందరికీ ఫోన్ చేస్తాడు. అందరికీ తెలుస్తుంది. నా ఉద్యోగం కూడా పోతుంది. ఒక ఇంట్లో రెండు ఉద్యోగాలు పోవడం కంటే ఒకటి పోవడం మేలు. అయినా పైన హాల్లో మేడమ్ పద్ధతిగా చెప్తుంది. చెప్పడానికి ఆవిడకి ట్రైనింగ్ ఉంది. నాకు లేదు.

మార్చి 7, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

టీ టైమ్ దాటాక మేడమ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: 'అందరూ లోపల ఉన్నారు.' కంప్లయింట్ల సెక్షన్‌ని స్క్రీన్ మీద ఎంచుకుని ఆపెయ్యమని నొక్కాను. 'ఖచ్చితంగా ఆపమంటారా?' అని మిషన్ అడిగింది. దాన్ని తయారుచేసినవాళ్లు మంచివాళ్లు. అవునన్నాను. పచ్చగా ఉన్న పేర్లన్నీ బూడిదరంగులోకి మారిపోయాయి. అంతే. చప్పుడు కూడా రాదు.

తలెత్తి అద్దంలోంచి చూస్తే రేడియో గేటు అవతల ఉన్నాడు.

అందరూ లోపల లేరు. వీడు టీకి బయటికెళ్లి, ఎవరితోనో కబుర్లలో పడి, ఆలస్యంగా వస్తున్నాడు. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు. ఒకటి నాకు. మీటింగుకి పరిగెత్తే ముందు బావకి టీ ఇచ్చి పోదామనుకున్నాడట.

కప్పులు రెండూ ఒక చేత్తో పట్టుకుని కార్డు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాడు. ఎర్రది. వెనకాల నలుగురు చేరారు.

"ఒక్క నిమిషం సార్, మా బావ మిషన్ అలిగింది," అని వాళ్లతో అన్నాడు. వాళ్లు నవ్వారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నవ్వలేదు. ఆయనకి నేనేం చెప్పలేదు, కానీ కార్డుకి కారణం లేకుండా ఎర్ర లైటు రాదని ఆయనకి తెలుసు.

"బావా! కొంచెం చూడు! పైన మీటింగ్ మొదలైపోయి ఉంటుంది!"

నా గదిలోంచి గేటు దగ్గరికి వెళ్లాను. వాడు కప్పు అందించాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలీదు, అందిస్తే తీసుకుంటాం కదా.

"కార్డు పాడైపోయిందా?"

"లేదు. కార్డు బాగానే ఉంది."

"మరి?"

"ఆపమన్నారు."

"ఎవర్ని?"

"నిన్ను. మీ సెక్షన్‌ని. ఎత్తేస్తున్నారట. పైన అదే చెప్తున్నారు."

ముందు నవ్వాడు. నేను ఎప్పుడూ జోకు వెయ్యను కాబట్టి ఇది మొదటిదనుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. వెనకాల నలుగురూ పక్క గేటులోకి జరిగారు. వాళ్ల కార్డులకి పచ్చ లైటు వెలిగి గేటు తెరుచుకుంది. వీడు ఒక్కొక్కళ్లకీ జరిగి దారిచ్చాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఇప్పుడే," అన్నాను. "ఇప్పుడే మెసేజ్ వచ్చింది."

"అయ్యో," అన్నాడు. "నీకెంత కష్టం వచ్చింది బావా."

ఇది వాడు నాతో అన్న మాట. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను కాబట్టి రాశాను.

పక్క గేటు నా కార్డుతో తీసి వాణ్ణి నేనే పైకి తీసుకెళ్లాను. కార్డు ఆపినవాళ్లు ఒంటరిగా తిరగకూడదు, తోడు ఉండాలని రూలు. హాలు బయట నిలబడ్డాను. తర్వాత వాడి టేబుల్ దగ్గరికి కూడా నేనే తోడు. సొరుగులోంచి దువ్వెన, చార్జరు, ఆ అమ్మాయి ఫోటో, ఎవరో కస్టమర్ పంపిన థ్యాంక్స్ కార్డు తీసి సంచిలో వేసుకున్నాడు. కుర్చీని టేబుల్ కిందికి నెట్టాడు. మళ్లీ కొంచెం సరిచేశాడు.

"నువ్వు తాగలేదేంటి బావా, టీ," అన్నాడు. కప్పు ఇంకా నా చేతిలోనే ఉంది.

మార్చి 8, శనివారం

మెట్ల తలుపు దగ్గర ఎవరూ క్యాన్ పెట్టలేదు. పెట్టేవాళ్లు ఆ సెక్షన్ వాళ్లేనని తేలింది.

మార్చి 9, ఆదివారం

భోజనానికి అమ్మాయి కూడా ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి నాతో మాట్లాడలేదు. నేను గురువారమే చెప్పేశాననుకుంది. చెప్పలేదని రేడియో మాటల్లోనే తెలిసిపోయి ఉంటుంది. ఆ విషయం వాడితో అనలేదు, ఎవరితోనూ అనలేదు. నాకు కూర వడ్డించింది, అంతే.

మా ఆవిడ శుక్రవారం నుంచీ కంపెనీని తిడుతూనే ఉంది. తిట్టి తిట్టి ఆగి, "ఏవండీ, అక్కడ చీమ దూరినా మీకు తెలుస్తుంది కదా, ఇంత జరుగుతుంటే మీకు ముందే తెలీదా?" అంది.

నేను నోట్లో ముద్ద నములుతున్నాను. ఈలోగా రేడియో అందుకున్నాడు.

"బావకెలా తెలుస్తుందక్కా? తలుపులు చూసుకునేవాడికి అలాంటివి ఎవరు చెప్తారు? పాపం ఆయనకీ అప్పుడే మెసేజ్ వచ్చింది. మొహం ఎలా అయిపోయిందనుకున్నావ్! నాకంటే ఆయనకే ఎక్కువ దెబ్బ తగిలింది."

అమ్మాయి నా వంక చూడలేదు. చూసి ఉంటే ఊరుకునేవాణ్ణేమో. కంచం వైపు చూస్తూ కూర్చుంది.

"నాకు సోమవారమే తెలుసు," అన్నాను.

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"సోమవారమా?" అన్నాడు రేడియో.

"సోమవారం పొద్దున."

"అంటే మంగళవారం నేను బూట్లు కొనుక్కుంటుంటే నీకు తెలుసు."

"తెలుసు."

"రంగు బాగుందన్నావు."

"రంగు బాగానే ఉంది కదా."

అది కాకుండా ఇంకేమన్నా అని ఉంటే బాగుండేది. వాడు భోజనం ముగించాడు. నిదానంగా, ఒక్క మెతుకు వదలకుండా తిని, చెయ్యి కడుక్కుని, అమ్మాయిని బస్సు దాకా దింపడానికి వెళ్లిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వాడు తిరిగొచ్చాక కూడా మాట్లాడలేదు.

మా ఆవిడ మాట్లాడింది. అదంతా రాయను.

మార్చి 12, బుధవారం

ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది. మొహం కడుక్కుంటుంటే కుళాయి చప్పుడు వినిపించింది. దాని వాషర్ పోయిందని ఇప్పుడే తెలిసింది.

మార్చి 14, శుక్రవారం

అమ్మాయికి ఆ బ్రాంచి మళ్లీ ఇచ్చారు. ఆ గురువారం తన మాట వెనక్కి తీసుకుంటానని అడిగినప్పుడు మేనేజరు చిరాకు పడ్డాడట. ఒక్క రోజులో రెండు మాటలు చెప్పే మనిషిని బ్రాంచి మీద ఎలా కూర్చోబెడతాం అన్నాడట. అయినా ఆ ఊరు వెళ్లడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఇది నాకు మా ఆవిడ చెప్పింది. నాకు అని కాదు, గోడకి చెప్పినట్టు చెప్పింది. నేను గోడ పక్కన ఉన్నాను.

మార్చి 22, శనివారం

రేడియో ఇవాళ వెళ్లిపోయాడు. అమ్మాయి ముందే వెళ్లి ఒక గది చూసింది. పెళ్లి అక్కడే, రిజిస్ట్రారు ఆఫీసులో. వీడు వెళ్లాక ఏదో ఒక పని వెతుక్కుంటాడు.

పెద్ద సూట్‌కేసు బస్టాండు దాకా నేను మోశాను. వాడు వద్దనలేదు, సరేననలేదు. బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద సూట్‌కేసు మధ్యలో పెట్టుకుని చెరో పక్కా కూర్చున్నాం. అన్ని రోజుల తర్వాత అప్పుడు నోరు తెరిచాడు.

"బావా, నిజం చెప్పు. సోమవారమే నాకు చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణనుకున్నావ్?"

"అందరికీ చెప్పేవాడివి."

"నిజమే. చెప్పేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

"తెలుసు. అయినా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అన్నాను.

ఇంకా ఏదో అంటాడని చూశాను. బస్సు వచ్చింది. సూట్‌కేసు పైకి ఎక్కిస్తుంటే రెండో పక్క పట్టుకున్నాడు. "కుళాయి వాషర్ మార్చాను," అన్నాడు. "ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు." నిజానికి ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టనివ్వనిది వాడు. చెయ్యి ఊపాడు. ఊపాను.

ఏప్రిల్ 2, బుధవారం

మేడమ్ మళ్లీ పిలిచింది. తలుపు వెయ్యమంది. ఈసారి అకౌంట్స్‌లో ఇద్దరు. రేపే. పద్ధతి పాతదే.

"మేడమ్, ముందు వాళ్లతో మాట్లాడండి. మాట్లాడటం అయ్యాక ఆపుతాను."

"అలా కుదరదు. సెక్యూరిటీ మీకు తెలియంది కాదు."

"తెలుసు మేడమ్. సర్వర్ గది, క్యాష్ గది, రికార్డుల గది, అవి ముందే ఆపేస్తాను, మీరు పిలిచే ముందే. వాళ్లేం ఎత్తుకుపోలేరు. వాళ్ల ఫ్లోరు, లిఫ్టు, మెయిన్ గేటు మాత్రం వదిలేస్తాను. మనిషి బయటికి వెళ్లాక ఆపుతాను."

"రూలు అలా లేదు."

"లేదు మేడమ్. అయితే ఇంకెవరిచేతనైనా చేయించండి."

"ఇంకెవరికి వచ్చు?"

"ఎవరికీ రాదు మేడమ్."

ఆ మాట బెదిరింపులా వినిపించి ఉంటుంది. నేను బెదిరించలేదు. నిజంగానే ఎవరికీ రాదు. నా కింద ఒక మనిషిని ఇవ్వమని నాలుగేళ్లుగా అడుగుతున్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆ రోజు మీ బావమరిది గేటు దగ్గర నిలబడిపోయాడట కదా," అంది చివరికి. "నేను లెక్క చూసుకోకుండా మెసేజ్ పెట్టాను. హాల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. చూశాను కూడా. ఎవరో బాత్రూమ్‌కి వెళ్లారనుకున్నాను."

"అవును మేడమ్."

"రేపు ఏదైనా తేడా వస్తే మీ ఉద్యోగంతో పాటు నాది కూడా పోతుంది."

"అప్పుడు మన కార్డులు ఎవరు ఆపాలో చూసుకోవాలి మేడమ్."

నవ్విందో లేదో చెప్పలేను. వెళ్లమంది. మా ఆవిడకి ఇదంతా చెప్పాను. విని, "ఉద్యోగం పోతే?" అంది. పోతే పోనీ అనడానికి నోరు రాలేదు. "చూద్దాం," అన్నాను. టీ పెట్టి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత పంచదార సరిగ్గా పడింది.

ఏప్రిల్ 3, గురువారం

పొద్దున్నే ముఖ్యమైన గదులన్నీ ఆ ఇద్దరి కార్డులకీ ఆపేశాను. మేడమ్ వాళ్లని ఒక్కొక్కరిగా తన గదిలోకి పిలిచి మాట్లాడింది. హాలు లేదు. రెండో ఆయన దగ్గర చాలాసేపు పట్టింది.

మొదటి ఆయన కుర్రాడు, దురుసుగా దిగి వచ్చి గేటు ఒక తన్ను తన్ని వెళ్లాడు. గేటుకేం కాలేదు. అతని కార్డు ఆపాను.

రెండో ఆయన అకౌంట్స్ సీనియర్. నేను ఈ ఆఫీసులో చేరకముందు నుంచీ ఉన్నాడు. మా బిల్డింగుకి తాళంచెవులు ఉన్న రోజుల్లో పొద్దున్నే వచ్చి మెయిన్ డోర్ తీసింది ఆయనేనట. చేతిలో చిన్న సంచి. నా గది దగ్గర ఆగి మెళ్లోంచి కార్డు తీశాడు. ఇవ్వబోయి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది ఇంకా పనిచేస్తుందా?"

"పనిచేస్తుంది సార్."

"నిజంగానా?"

"చూడండి సార్."

గేటు దగ్గరికి నడిచాడు. నేనూ గదిలోంచి గేటు ఇవతలికి వచ్చాను. కార్డు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది, గేటు తెరుచుకుంది. వెంటనే వెళ్లలేదు, ఆ లైటు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనకాల ఎవరూ లేరు. తొందరపెట్టడానికి నాకు కారణం కనపడలేదు.

తర్వాత అవతలికి వెళ్లాడు. గేటు మూసుకున్నాక, దాని పైనుంచి చెయ్యి చాపి కార్డు నా చేతిలో పెట్టాడు.

"ఇక ఆపేసెయ్యి బాబూ," అన్నాడు.

ఆయన రోడ్డు దాటేదాకా ఆగి, గదిలోకి వచ్చి ఆపాను.